శత్రువుల ఫోన్

ఆమె ఎడమ చెవి పోవడానికి ఒక్క చెంపదెబ్బ చాలింది. కొట్టినవాడు మొగుడు, వెల్డింగ్ షాపువాడు, ఇనుము వంచే చెయ్యి. కూరలో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో కాదు, ఆ రోజు కూర బాగానే కుదిరింది. కుదిరిందని ఆమె నవ్వుకుంది, ఎందుకు నవ్వావని వాడు కొట్టాడు. ఇంకోసారి చిటికెన వేలు విరిచాడు, దానికీ ఇలాంటి గొప్ప కారణమే ఉండి ఉంటుంది. అన్నీ ఓర్చుకుంది. కానీ చంటిపిల్లను గాల్లోకి లేపి గోడకేసి కొడతానన్న రోజున మాత్రం ఇంకేమీ ఆలోచించలేదు. వాడు తాగి పడిపోయాక పిల్లను చంకనేసుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా బయటపడి, దొరికిన బస్సెక్కి, అది ఆగినచోట దిగింది.

దిగినచోట ఒక చర్చి కనబడింది. ఒకప్పుడది సోఫాలు, మంచాలు నిలవజేసే గోడౌను. గోడలకు పట్టిన వార్నిష్ వాసన ఇంకా పోలేదు. అక్కడి పాస్టరును అందరూ అయ్యగారంటారు, ఆయన భార్యను అమ్మగారంటారు. అమ్మగారు ఆ వాచిన మొహం చూసి ఒక్క ప్రశ్నయినా అడక్కుండా మేడమీది గది తాళంచెవి చేతిలో పెట్టింది. తినమంది, పడుకోమంది, మర్నాడు దగ్గరుండి డాక్టరుకు చూపించింది. ముందు ముందు అమ్మగారి మీద మీకు కోపం రావచ్చు. వచ్చినప్పుడు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

కొన్నాళ్ళకు ఆమె హాలు చివర మిక్సర్ ముందు కూర్చోవడం నేర్చుకుంది. మైకులు, స్పీకర్లు, పాడేవాళ్ళ గొంతులు, డ్రమ్ముల మోత, అన్నిటి పగ్గాలూ ఆ బల్లమీది మీటల్లోనే ఉంటాయి. ఒంటిచెవి మనిషికి సౌండ్ అప్పజెప్పారేమిటని కొందరు మూతులు విరిచారు. అయ్యగారి మాట చివరి వరుసదాకా స్పష్టంగా వినబడటం మొదలయ్యాక ఆ మూతులు మూతపడ్డాయి. అప్పట్నించీ ఆమె అందరికీ సౌండక్క. కూతురు పిచ్చుక; అసలు పేరు వేరే ఉంది గానీ, కళ్ళు తెరిచింది మొదలు కిచకిచలాడుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

పిచ్చుకకు తండ్రి మొహం గుర్తులేదు. ఆ మొహం పిల్లకు మళ్ళీ కనబడకుండా చూడటమే సౌండక్క బతుకులో మిగిలిన ఒకే ఒక్క పని. తామెక్కడున్నదీ వాడికి తెలియకూడదు, పిల్ల వాడి చేతికి చిక్కకూడదు. దేవుణ్ణి ఆమె ఇంకేదీ అడిగి ఎరగదు.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉండేది, అది మరెక్కడా ఉండదనుకుంటాను. ప్రతి శనివారం శత్రువుల ప్రార్థన. మనల్ని ఏడిపించినవాళ్ళ కోసం మనమే మోకాళ్ళూనాలని అయ్యగారి పట్టుదల. అయితే పేర్లతో చిక్కొచ్చిపడింది. ఒకే పేరు గలవాళ్ళు సవాలక్షమంది. ఎవరి మొగుడి కోసం ఎవరు ఏడుస్తున్నారో తెలియక ఒకసారి ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నంత పని అయింది. అప్పుడు అమ్మగారు ఉపాయం చెప్పింది. "దేవుడు తికమకపడడు గానీ మనం పడతాం. పేరు పదిమందికి ఉంటుంది, ఫోన్ నెంబరు ఒక్కడికే ఉంటుంది. నెంబర్లు చెప్పండి."

అలా పుట్టింది శత్రువుల ఫోన్. అద్దం పగిలిన పాత ఫోను. ఎవరి శత్రువు నెంబరు వాళ్ళు చెబితే అమ్మగారు అందులో ఎక్కించేది. 'డ్రైవరు కొడుకు, తండ్రి చెయ్యి విరిచాడు.' 'కుట్టు ఫ్యాక్టరీ మేస్త్రీ, అమ్మాయి జడ కోశాడు.' 'సౌండక్క మొగుడు, చెయ్యి దురుసు.' శనివారం ఆ ఫోనును స్టూలు మీద పెట్టి, చుట్టూ చేరి, ఒక్కో పేరూ వేలితో పైకి జరుపుతూ ప్రార్థించేవాళ్ళు. దాంట్లోంచి పొరపాటున కూడా ఎవరికీ కాల్ వెళ్ళకూడదని అమ్మగారు సిమ్ము సైతం తీసి పారేసింది.

సౌండక్క మొదట్లో ఇవ్వనంది. "పగ లోపల పెట్టుకుంటే నీకే పుండవుతుందమ్మా" అని అయ్యగారు నచ్చజెప్పగా చెప్పగా చివరికి చెప్పింది. చెప్పిన రోజున నిజంగానే గుండె తేలికపడింది. ప్రార్థనలో వాడు మారాలని కోరుకుందా, చావాలని కోరుకుందా అనేది ఆమెకూ దేవుడికీ మధ్య సంగతి.

ఇలా సాగుతుండగా రోడ్డుకు అటువైపు కొత్త చర్చి ఒకటి లేచింది. గోడంత తెర, రంగురంగుల లైట్లు, పాటకో పొగ. దాని వీడియోలు ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ప్రత్యక్షం. చూస్తుండగానే కుర్రకారంతా రోడ్డు దాటేశారు. వాళ్ళ వెనకే తల్లిదండ్రులు. గోడౌనులో కుర్చీలు ఖాళీ. ఒకప్పుడు టీవీని సైతాను పెట్టె అన్న అయ్యగారు ఇప్పుడు ప్రసంగం ముగించి దిగగానే చెమటైనా తుడుచుకోకుండా "ఎంతమంది చూశారు?" అని అడగడం మొదలుపెట్టారు.

అడిగేది బావమరిదిని. అమ్మగారి తమ్ముడు, ముప్పై దాటినవాడు, దేన్ని చూసినా "దీన్ని బూస్ట్ చేద్దాం బావగారూ" అంటాడు కాబట్టి అతని పేరు బూస్ట్. చెడ్డవాడేం కాదు. పదిమంది చూడని వస్తువు లోకంలో లేనట్టేనని గట్టిగా నమ్మినవాడు, అంతే. "మొదటి మూడు సెకన్లలో అరవాలి, లేకపోతే ఏడవాలి. లేదంటే జనం బొటనవేలితో తోసేస్తారు" అని అతని పాఠం. అయ్యగారు బుద్ధిగా నేర్చుకున్నారు. ఒక చావింట్లో ఆయన మొదలుపెట్టిన కేకకు శవం లేచి కూర్చోకపోవడం ఒక్కటే తక్కువ.

ఒకరోజు బూస్ట్ మిక్సర్ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు.

"అక్కా, నీ కథ చెప్పు. కెమెరాకి. నిన్ను మించిన సాక్ష్యం మన చర్చిలో ఇంకోటి లేదు."

"నా మొహం ఎక్కడా కనబడకూడదు తమ్ముడూ. వాడు చూస్తే నన్నూ పిల్లనీ నరికేస్తాడు."

"మొహం ఎందుకక్కా? చేతులు చాలు. పేరు కూడా వెయ్యను. మన బావగారి మీద ఒట్టు."

అమ్మగారు పెట్టిన తిండి, ఇచ్చిన గది, ఖాళీ కుర్చీల వైపు చూస్తూ అయ్యగారు గుటకలు మింగే తీరు, అన్నీ కళ్ళముందు మెదిలాయి. కాదనలేకపోయింది. మీటల మీద కదిలే ఆమె వేళ్ళను బూస్ట్ దగ్గరగా తీశాడు. వెనక ఆమె గొంతు. చెవి సంగతి, వేలి సంగతి, పిల్లను గోడకేసి కొడతానన్న సంగతి. "ఇంకొంచెం ఏడుపు అక్కా" అని మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. నాలుగోసారి ఆమె నిజంగానే ఏడ్చింది, అదే ఉంచాడు. చివర పెద్ద అక్షరాలు వేశాడు: 'నీ కోసం ఇక్కడ ఒకరు ప్రతివారం ఏడుస్తున్నారు. ఈ ఆదివారం రా.' కింద చర్చికి దారి చూపించే బటన్.

ఇక ఎవరికి చూపించాలి? దానికీ అతని దగ్గర మార్గం ఉంది. నెంబర్లు ఇస్తే చాలు, ప్రకటనల కంపెనీవాళ్ళు ఆ నెంబర్లు గల మనుషుల్ని వెతికి పట్టుకుని, వాళ్ళ ఫోన్లలో మన వీడియో పెడతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ వెంటపడటం కంటే చర్చితో ఏదో ఒక సంబంధం ఉన్నవాళ్ళయితే త్వరగా కదులుతారని అతని లెక్క. "అక్కా, ఆ ప్రార్థన ఫోను ఒకసారి ఇటివ్వు" అన్నాడు అమ్మగారితో. పగిలిన అద్దం మార్పిస్తాడేమోనని ఆమె ఇచ్చేసింది. అందులో ఉన్నది ప్రార్థన కోరుకున్నవాళ్ళని అతను అనుకున్నాడు. పేర్లు చదివితే తెలిసేది. కానీ పేర్లెవడు చదువుతాడు, నెంబర్లు కావాలి గానీ. మొత్తం గంపగుత్తగా ఎక్కించేశాడు.

ఆ ఆదివారం హాలు కిటకిటలాడింది.

బూస్ట్ కాలు ఒకచోట నిలవలేదు. మూడు కెమెరాలు, లైవ్, చేతిలో ఫోను, మొహంలో పెళ్ళికళ. "చూశావా అక్కా! అన్నీ కొత్త మొహాలే!" అని సౌండక్క భుజం తట్టి ముందుకు పరుగెత్తాడు. ఆమె కూర్చున్నచోటినించి మొహాలు కనబడవు, వీపులే కనబడతాయి. వెనక వరుసలన్నీ మగవాళ్ళే కావడం ఆమెకు వింతగా అనిపించింది. ఎవరి చేతిలోనూ బైబిలు లేదు. ఎవరూ పాడటం లేదు. మెడలు సాచి, ఎవరినో వెతుకుతున్నట్టు ముందు వరుసల వైపే చూస్తున్నారు.

మొదట గుర్తుపట్టింది ముసలి డ్రైవరు. కుర్చీలు సర్దుతూ తలెత్తినవాడు అలాగే బిగుసుకుపోయాడు. ఎదురుగా అతని కొడుకు, తన చెయ్యి విరిచిన కొడుకు, నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "ఏం నాన్నా, నా గురించి ఊరంతా చెప్పుకుని ఏడుస్తున్నావంట?" అని ముసలాయన గొంతు పట్టుకుని వెనక్కి తోశాడు. తల కుర్చీ అంచుకు తగిలి టప్పుమంది. అదే క్షణంలో పాడేవాళ్ళ మధ్యలోంచి కుట్టు ఫ్యాక్టరీ అమ్మాయి వెర్రికేక పెట్టింది. ఆమె జడ కోసిన మేస్త్రీ మూడో వరుసలో కూర్చుని వేళ్ళతో కత్తెర ఆడిస్తున్నాడు. ఆ పిల్ల అన్నలిద్దరూ వరుసలు దూకి వాడిమీద పడ్డారు. ఒకడు వాడి ముక్కుమీద తలతో కొట్టాడు. నెత్తురు ముందు కూర్చున్న పెద్దావిడ తెల్ల చీరమీద చిందింది.

ఇక చెప్పేదేముంది. కుర్చీలు లేచాయి. ఎవరి శత్రువు వాళ్ళకు దొరికాడు. వారం వారం మోకాళ్ళ మీద ఎవరి కోసం ఏడ్చారో వాళ్ళే చొక్కా చేతులు మడిచి ఎదురొస్తుంటే, కొందరు పారిపోయారు, కొందరు మాత్రం ఇన్నాళ్ళ ప్రార్థనకూ వడ్డీతో సహా బదులు తీర్చుకున్నారు. మెత్తని మనిషని పేరున్న ఒక ముసలమ్మ తనను ఇంట్లోంచి గెంటిన అల్లుడి చెవి కొరికి పట్టుకుని వదలలేదు. అయ్యగారు స్టేజీ మీదినించి "శాంతి! శాంతి!" అని అరుస్తున్నారు. మొదటి మూడు సెకన్లకూ ఎవరూ ఆగలేదు.

సౌండక్క వీటిలో వేటినీ చూడలేదు. ఆమె ఒక్క మెడనే చూస్తోంది. నిప్పురవ్వలు పడి మచ్చలు కట్టిన మెడ. ఆ గొడవలో అందరూ అటూ ఇటూ పరుగెడుతుంటే ఆ మెడ మాత్రం నిదానంగా, నడవా మధ్యలోంచి ముందుకు పోతోంది. ముందు స్టేజీ మెట్ల దగ్గర పిల్లల పాటగుంపు ఉంది. అందులో పిచ్చుక ఉంది, అచ్చం వాడి పోలికతో.

ఆమె కేక పెట్టింది. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. అప్పుడామె చేతులు వాటంతటవే పనిచేశాయి. మైకుల మీటలన్నీ కట్టగట్టి పైకి తోసేసింది. స్పీకర్లు ఒక్కసారిగా కూతపెట్టాయి, ఇనుప రేకును రంపంతో కోసినట్టు. హాలంతా చెవులు మూసుకుని వంగిపోయింది. ఎత్తిన కుర్చీలు జారిపడ్డాయి. ఒంటిచెవి మనిషికి ఆ బాధ సగమే. పక్కనున్న మైకు స్టాండును, కింద బరువైన ఇనుప దిమ్మ ఉన్నదాన్ని, ఊడబెరుక్కుని నడవాలో పరుగెత్తింది.

అప్పటికే వాడు పిచ్చుక జుట్టు దొరకబుచ్చుకున్నాడు. పిల్ల కాళ్ళు నేలమీద ఈడ్చుకుపోతున్నాయి. అడ్డం వచ్చిన అయ్యగారి నోటిమీద వాడు పిడికిలితో గుద్దాడు; ఆయన రెండు పళ్ళు ఊడి స్టేజీ మీద పడ్డాయి. "ఆపకండి, లైవ్ ఆపకండి!" అని ఎక్కడో బూస్ట్ గొంతు. "వేలల్లో చూస్తున్నారు!"

"వదులు దాన్ని!" అంది సౌండక్క.

వాడు తిరిగి చూసి నవ్వాడు. వాడి నవ్వు మారలేదు. రెండో చేత్తో ఫోను తీసి ఆమె మొహంమీద పెట్టాడు. తెరమీద ఆమె వేళ్ళు, వాడు విరిచిన చిటికెన వేలు. ఆమె ఏడుపు. ఈ ఆదివారం రా.

"నువ్వే కదే పిలిచావు. పిలిచి ఇనుము పట్టుకొస్తావా? వేలు చూడగానే పోల్చుకున్నాను, నేను చేసిన వేలు కదా. మా అక్క బయట కారులో కూర్చుంది. పిల్లను తీసుకుపోతున్నా. నీ సంగతి తరవాత చూస్తా."

ఆ ఫోనుతోనే ఆమె కణతమీద కొట్టాడు. మోకాళ్ళ మీద కూలబడింది. వాడు పిల్లను ఈడుస్తూ పక్కతలుపు వైపు నడిచాడు. పిచ్చుక "అమ్మా" అనలేదు, అరవలేదు. రెండు చేతులతో తన జుట్టు తనే పట్టుకుని తల్లివైపు చూసింది. ఆ చూపుతో సౌండక్క లేచింది. దిమ్మ ఉన్న వైపు పైకెత్తి, వెనకనుంచి వాడి తలమీద దింపింది. ఆమెకు గుర్తున్నది అంతే. ఒక్క దెబ్బ. వాడు పడ్డాడు, పిల్ల విడిపడింది, ఆ తరవాత ఎవరో తన చేతుల్ని వెనక్కి విరిచి పట్టుకున్నారు.

పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ఒక ఆడమనిషి. కేకలు వెయ్యదు. ఊరంతా చూసేసిన వీడియోను తన ఫోనులో పెట్టి సౌండక్క ముందుకు జరిపింది. ఇనుప దిమ్మ గాల్లోకి లేవడంతో మొదలవుతుంది. దింపడం, వాడు కూలడం, ఆమె మొహం దగ్గరగా. అయిపోయింది. కింద చర్చి పేరు, వచ్చే ఆదివారం సమయం.

"ఇందులో అతను నిన్ను ముట్టుకోనైనా లేదు" అంది ఇన్‌స్పెక్టరు. "వెనకనుంచి కొట్టావు. పిల్ల అసలు కనబడటమే లేదు. అతను ఆసుపత్రిలో ఉన్నాడు, తెలివి రాలేదు. ఏం చెప్తావు?"

"పిల్లను ఈడ్చుకుపోతున్నాడు మేడమ్. జుట్టు పట్టుకుని. హాలంతా చూశారు."

"హాలంతా ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నారు. సగంమంది ఇదే స్టేషన్లో ఉన్నారు. ఎవరిని నమ్మమంటావు?"

గోడవారగా బెంచీమీద పిచ్చుక కూర్చుని ఉంది. ఒకవైపు అమ్మగారు. రెండోవైపు, కారులోంచి దిగొచ్చిన ఆడపడుచు. ఆవిడ పిల్ల మోకాలిమీద చెయ్యేసి తియ్యడం లేదు. "మా తమ్ముడి రక్తం మేడమ్ ఇది. తల్లి హంతకురాలు. తండ్రి మంచంలో ఉన్నాడు. మేనత్తను నేనుండగా పిల్లను ఎవరికో ఇస్తారా?" అంది. పిల్లను ఎవరితో పంపాలో ఇప్పుడే తేలాలి. కణతమీద దెబ్బ తిని కూడా లేచిన సౌండక్క ఆ మాటకు గోడ పట్టుకుంది.

బూస్ట్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, లాప్‌టాప్ సంచీ గుండెకు కరిపించుకుని. ఆమె అతన్నే చూసి అడిగింది.

"తమ్ముడూ, మూడు కెమెరాలు పెట్టావు కదా. మొత్తం ఉంది కదా నీ దగ్గర. వాడు పిల్లను లాగడం, నన్ను కొట్టడం. అది చూపించు."

"ఉంది అక్కా, కానీ..." అని అతను నేలచూపులు చూశాడు. "అంత పొడుగు ఎవరూ చూడరక్కా. అందుకే లైవ్ తీసేసి, అక్కణ్ణించి కోసి పెట్టాను. మొత్తం బయటపెడితే, వాళ్ళంతా ఎందుకొచ్చారు, నెంబర్లు ఎవరిచ్చారు అని మొదలవుతుంది. చర్చి మూతపడుతుంది. బావగారిని లోపలేస్తారు."

అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, "ఆలోచిద్దాం" అన్నారు. పళ్ళు లేని నోట్లోంచి ఆ మాట ముద్దగా వచ్చింది.

అమ్మగారు బెంచీమీంచి లేచింది. తిన్నగా తమ్ముడి దగ్గరికి వెళ్ళి చెంప పగలగొట్టింది. ఒకటి కాదు. స్టేషన్లో కానిస్టేబుళ్ళు తలలు తిప్పి చూసేటంత గట్టిగా. "ఏం కోశావురా? ఆడదాని ఏడుపు కోసుకుని అమ్మావు, ఇప్పుడు దాని బిడ్డను కూడా కోస్తావా?" అని, సంచీ లాక్కుని, ఇన్‌స్పెక్టరు బల్లమీద పెట్టింది. "ఆ నెంబర్లు ఉన్న ఫోను నేనే ఇచ్చాను మేడమ్. చదవకుండా ఎక్కించింది వీడు. రాసుకోండి. ముందు ఇది చూడండి."

బూస్ట్ వాచిన చెంపతోనే తెరిచి పెట్టాడు. ఈసారి ముక్కలు లేవు. నడవాలో నడిచొస్తున్న వెల్డరు. పిల్ల జుట్టు. ఈడ్చుకుపోతున్న కాళ్ళు. అయ్యగారి పళ్ళు. సౌండక్క కణతమీద దెబ్బ. ఇన్‌స్పెక్టరు ఆడపడుచు వైపు ఒక్కసారి చూసింది. ఆవిడ చెయ్యి పిల్ల మోకాలిమీదినుంచి దానంతటదే జారింది.

తెరమీద దిమ్మ లేచింది, దిగింది. వాడు పడ్డాడు. పిచ్చుక విడిపించుకుని స్టేజీ మెట్లమీదున్న అమ్మగారి ఒళ్ళోకి దూకింది. సౌండక్క గుండెలనిండా ఊపిరి తీసుకుంది. అక్కడితో అయిపోయిందనుకుంది.

అవలేదు. కిందపడ్డవాడు ఒక చెయ్యి పైకెత్తాడు, వద్దన్నట్టు. తెరమీది ఆడమనిషి ఆ చేతిమీద కొట్టింది. వేళ్ళు వంకరపోవడం కనబడుతూనే ఉంది. మళ్ళీ కొట్టింది. వాడి దవడ పక్కకు జరిగింది. ఆ మనిషి ఏదో అరుస్తోంది, మాటలు కావు. మళ్ళీ ఎత్తింది. అమ్మగారి ఒళ్ళోంచి పిచ్చుక కళ్ళప్పగించి చూస్తోంది. నలుగురు కలిసి ఆమె చేతులు వెనక్కి విరిచేదాకా దిమ్మ లేస్తూనే ఉంది, దిగుతూనే ఉంది.

సౌండక్కకు ఆ మనిషిని చూస్తే భయం వేసింది. భయం కింద ఇంకోటి కూడా ఉంది, సంతోషం. కడుపునిండినంత సంతోషం. దాన్ని కూతురు కనిపెడుతుందేమోనని మొహం తిప్పుకుంది.

ఇన్‌స్పెక్టరు తెర మూసింది. కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీసింది.

"పిల్లను లాక్కుపోతుంటే కొట్టావు. అది రాస్తాను. నేనైనా అదే చేసేదాన్నేమో. కానీ పిల్ల దక్కాక కొట్టినవి కూడా రాయాలి. అతను బతికితే ఒక కేసు, పోతే ఒక కేసు. ఈలోగా నువ్వు ఇక్కడే ఉంటావు." పెన్ను పక్కన పెట్టింది. "పిల్ల మేనత్తతో వెళ్ళదు. అమ్మగారి దగ్గర ఉంటుంది. కోర్టు ఇంకోలా చెప్పేదాకా."

పిచ్చుక వచ్చి తల్లి నడుము చుట్టేసుకుంది. ఉదయంనుంచీ కిచకిచ లేదు. జుట్టు ఊడిన చోట తల ఎర్రగా కందిపోయి ఉంది. "అమ్మా, నేను అక్కడే ఉన్నా, వాణ్ణి వదిలేసి నా దగ్గరికి రాలేదేం?" అంది మెల్లగా. సౌండక్క పిల్ల తలమీద కందిన చోట పెదాలు ఆనించింది.

కానిస్టేబులు తాళాలు తీసుకొచ్చింది. అయ్యగారు ముందుకొచ్చి, ఆ గచ్చుమీదే, అందరి ముందూ మోకాళ్ళూనారు. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, అవి కెమెరా కోసం కావు. "అమ్మా, తప్పు నాది. నీ కోసం, పాప కోసం ప్రార్థన చేస్తాను. రోజూ, చర్చంతా కలిసి..."

"అయ్యగారూ, వద్దు."

"అదేంటమ్మా?"

"నా పేరు ఎత్తండి, వాడి పేరు ఎత్తండి, మీ ఇష్టం. దాని పేరు ఎత్తకండి." "మీకు దణ్ణం పెడతాను. మీ చర్చిలో దేవుడికి చెప్పుకున్న పేరు ఎక్కడెక్కడికి పోతుందో మీకే తెలీదు. నా బిడ్డ పేరు ఎవ్వరూ పైకి చెప్పొద్దు. దేవుడికి కూడా."

అమ్మగారు ఒక్కసారి తలాడించింది. పిచ్చుక తలమీద తన కొంగు కప్పి, మొహం కనబడకుండా దగ్గరికి పొదువుకుని, గుమ్మంలో ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డ జనం మధ్యలోంచి బయటికి నడిపించుకుపోయింది.